ఇరాక్ పనికి వచ్చేవారి సందేహాలు: ‘ఈ స్థలం క్లియర్ అయింది’ అంటే ఎంత లోతు?

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి ఇరాక్ వచ్చే కొత్తవాళ్లు తరచూ అడిగే మాట: “యుద్ధం అయిపోయింది కదన్నా, ఇంకా భయమేంది?” యుద్ధం అయిపోయిన మాట నిజం. పేలకుండా మిగిలిపోయిన బాంబులు, మందుపాతరలు మాత్రం భూమిలోనే ఉన్నాయి. ఎక్కడ ఏ రకంవి ఉంటాయన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అందుకే ఏజెంట్ “ఇరాక్‌లో పని” అంటే సరిపోదు, ఏ ఊళ్లో పనో ముందే అడిగి తెలుసుకోండి.

ఎర్బిల్, సులేమానియా నగరాల మధ్యలో హోటల్ పనో మాల్ పనో అయితే ఈ ప్రమాదం దాదాపు ఉండదు. నగరం దాటి ఇరాన్ సరిహద్దు కొండల్లోకి, అంటే చోమన్, పెంజ్విన్, హలబ్జా వైపు పోతే 1980-88 ఇరాన్-ఇరాక్ యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా ఉన్నాయి. దక్షిణాన బస్రా, నజఫ్, హిల్లా ప్రాంతాల్లో 1991, 2003 యుద్ధాల క్లస్టర్ బాంబులు, అంటే గాల్లో విచ్చుకుని చిన్న చిన్న బాంబులు చల్లేవి. మోసుల్, సింజార్, రమాది, బైజీలలో 2014-17 మధ్య ఐసిస్ వాళ్లు సొంతంగా తయారుచేసి దాచిన బాంబులు.

మందుపాతర అనగానే మన తెలంగాణవాళ్లకు గుర్తొచ్చేది రోడ్డు కింద పాతి, ఎవరో దూరాన కూర్చుని వైరు కలిపి పేల్చేది. ఇక్కడివాటికి ఆ మనిషి అక్కర్లేదు. మీ కాలే దాన్ని పేలుస్తుంది. పాతినవాళ్లు చచ్చిపోయి ముప్పై ఏళ్లయినా అది పనిచేస్తూనే ఉంటుంది. వీఎస్-50 అనే ఇటలీ రకం అడ్డంగా 9 సెంటీమీటర్లే, షూ పాలిష్ డబ్బా అంత ఉంటుంది. ఒళ్లంతా ప్లాస్టిక్. తేలిక కాబట్టి వానకు, మంచు కరిగిన నీటికి కొట్టుకొచ్చి, నిన్నటిదాకా బాగున్న వాగులోనే తేలవచ్చు. వాల్మరా-69 దానికంటే ఘోరం. 20 సెంటీమీటర్ల ఎత్తు, పైన కొమ్ముల్లా మొనలు, వాటికి కట్టిన సన్నటి తీగ. తీగకు కాలు తగిలితే గాల్లోకి ఎగిరి పేలుతుంది. 25 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ల ప్రాణాలకూ ముప్పే. దక్షిణాదిన దొరికే, క్లస్టర్ బాంబు చల్లిన చిన్న బాంబు అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం, తలకు తెల్లటి రిబ్బను. పిల్లలు దాన్ని పట్టుకునేది ఆ రిబ్బను చూసే.

ఇక అసలు విషయం. సైట్‌లో ఫోర్‌మన్ “క్లియర్ అయింది, దిగండి” అంటాడు. అప్పుడు అడగాల్సినవి మూడు: ఎవరు క్లియర్ చేశారు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఎంత లోతు వరకు? బాగ్దాద్ ప్రభుత్వం కింద మందుపాతరల చర్యల డైరెక్టరేట్ ఉంది. ఎర్బిల్, సులేమానియా ఉన్న కుర్దిస్తాన్‌లో ఆ పని చూసే సంస్థ వేరు. పద్ధతి ప్రకారం శుభ్రం చేసిన స్థలానికి అప్పగింత కాగితం ఉంటుంది. దాంట్లో హద్దుల మ్యాపు, తేదీ, లోతు రాసి ఉంటాయి. లోతు దగ్గరే మనవాళ్లు మోసపోతారు. మందుపాతరల కోసం వెతికేది చాలాచోట్ల భూమి పైపొర వరకే, కొన్ని పదుల సెంటీమీటర్లు. మీరు తవ్వేది రెండు మీటర్ల పునాది. విమానం నుంచి పడి పేలని బాంబు మెత్తటి నేలలో మీటర్ల లోతుకు దిగిపోతుంది. పైన నడవడానికి పనికొచ్చే కాగితం కింద తవ్వడానికి పనికిరాదు. ఫోర్‌మన్ దగ్గర ఆ కాగితం లేకపోతే గడ్డపార ఎత్తకండి. పని పోతుందని, తెచ్చిన అప్పు తీరదని భయం ఉంటుంది, ఆ భయం తక్కువదేమీ కాదు. అయినా ఒక్కరు అడిగితే తిట్టేవాడు పదిమంది కలిసి అడిగితే కాగితం తెప్పిస్తాడు.

మోసుల్‌లో శిథిలాల పని వేరే లెక్క. 2017 జూలైలో ఐసిస్ చేతిలోంచి నగరం విడుదలయ్యేనాటికి టైగ్రిస్ నది మీద ఉన్న ఐదు వంతెనలూ దెబ్బతిన్నాయి. పడమటి ఒడ్డున పాత బస్తీ కుప్పకూలింది. ఆ శిథిలాల్లో బాంబులు, ఆత్మాహుతి బెల్టులు, ముట్టుకుంటే పేలే ఉచ్చులు కలిసిపోయాయి. ఏళ్లు గడిచాయి కదా అనుకోవద్దు. అల్ నూరీ మసీదును యునెస్కో తిరిగి కడుతున్నప్పుడు, 2024 జూన్‌లో, ప్రార్థన మందిరం దక్షిణ గోడలో దాచిన ఐదు పెద్ద బాంబులు బయటపడ్డాయి. అంతమంది నిపుణులు ఏళ్ల తరబడి పనిచేసిన చోటే గోడలోపల అవి ఉన్నాయి. అందుకని పాత ఇంట్లో పనికి పెడితే మూసి ఉన్న తలుపు తోయకండి, స్విచ్ వేయకండి, ఫ్రిజ్, బీరువా, సొరుగు తెరవకండి. గోడలో ఒక చోట ప్లాస్టరింగ్ కొత్తగా కనిపించినా, నేలలో ఒక టైల్ ఎత్తుగా ఉన్నా, పసుపు రంగు ప్లాస్టిక్ క్యాను, ఎటు పోతుందో తెలియని సన్నటి వైరు కనిపించినా ముట్టుకోకుండా వచ్చిన దారినే బయటికి రండి. జేసీబీ శిథిలాలను ఒక్కసారి ఎత్తి లారీలో పోస్తుంటే దగ్గర నిలబడకండి. సరైన పద్ధతి పొరలు పొరలుగా తీసి, చదునుగా పరిచి, చూసి పంపడం. డంపింగ్ యార్డుకు చేరిన మట్టి కూడా క్షేమం అనుకోవద్దు, చూడకుండా పోసిన లారీ ఒక్కటి చాలు.

వేలాడే స్లాబు, పగిలిన పిల్లర్ సంగతి మేస్త్రీ పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడ్డ మర్నాడు మాత్రం అలాంటి ఇంట్లోకి అసలు వెళ్లవద్దు. కరెంటు గురించి ఒక్క మాట. ఇరాక్‌లో సర్కారు కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, మిగతా వేళ వీధి జనరేటర్ల నుంచి ఆంపియర్ల లెక్కన కొంటారు. ఒకే ఇంటికి రెండు లైన్లు. సర్కారు కరెంటు పోయిందని తెగిన వైరు పట్టుకుంటే జనరేటర్ లైనులో కరెంటు ఉంటుంది. రెండూ టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

పాత ఇనుము, రాగి ఏరి అమ్మితే నాలుగు దినార్లు వస్తాయని ఎవరో ఒకరు చెబుతారు. ఫిరంగి గుండుకు రాగి పట్టీ ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టి తీస్తుంటే చేతులు పోతాయి, ప్రాణాలూ పోతాయి. తుప్పు పట్టిందంటే చచ్చిందని కాదు. తుప్పు పట్టినకొద్దీ లోపల దాన్ని పేల్చే ఫ్యూజు ఎటు కదులుతుందో ఎవరికీ తెలియదు. ఖాళీ జాగాలో పొయ్యి పెట్టడం, చెత్త తగలబెట్టడం కూడా అంతే ప్రమాదం, కింద పాతుకుని ఉన్నది వేడికి పేలుతుంది.

సెలవు రోజున కొండల్లో తిరిగితే తారు రోడ్డు, జనం రోజూ నడిచే బాట దాటకండి. మూత్రానికని రోడ్డు పక్కకు పది అడుగులు వేయడం కూడా వద్దు. పుర్రె గుర్తున్న ఎర్ర త్రికోణం తెలిసిందే. రాళ్లకు రంగు వేసి ఉంటే ఎరుపు వైపు ప్రమాదం, తెలుపు వైపు శుభ్రం చేసిన నేల. బోర్డు లేనిచోట ఊరివాళ్లు రాళ్లు పేర్చి పెడతారు, కర్రకు గుడ్డ కడతారు. అరబ్బీలో ‘ఖతర్’ (ప్రమాదం) అని ఎవరైనా అరిస్తే అర్థం అడగకండి, ఆగిపోండి.

తెలియక లోపలికి పోయారని అర్థమైతే ఉన్నచోటే ఆగండి. వెనకవాళ్లను అరిచి ఆపండి. కాళ్లు కదపకుండా చుట్టూ చూడండి, తీగలు ఉన్నాయేమో, మీ అడుగుల గుర్తులు ఉన్నాయేమో. గుర్తులు స్పష్టంగా ఉంటేనే వాటిలోనే అడుగు వేస్తూ వెనక్కి రండి. లేకపోతే గంటలు పట్టినా అక్కడే నిలబడి సాయం కోసం పిలవండి. అనుమానం ఉన్న వస్తువు పక్కనే నిలబడి ఫోన్ చేయకండి. వచ్చిన దారినే దూరం వెళ్లగలిగితే వెళ్లి, ఆ తర్వాత చేయండి. ఏ నంబరుకు చేయాలో, మీ ఊళ్లో ఏది పలుకుతుందో, పనిలో చేరిన మొదటి రోజే క్యాంప్ బాస్‌ను అడిగి రాసుకోండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే పరుగెత్తకండి. ఒకటి పేలిన చోట రెండోది ఉంటుంది. కాపాడబోయిన అన్నదమ్ములు చనిపోయేది ఇలాగే. దూరం నుంచే మాట్లాడుతూ, గుడ్డ విసిరి, గాయాన్ని అతన్నే గట్టిగా నొక్కుకోమనండి. అతను శుభ్రమైన దారిలోకి వచ్చాక, రక్తం ఆగకపోతే గాయానికి నాలుగు వేళ్లు పైన, కీలు మీద కాకుండా, కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ చుట్టి, కర్ర దూర్చి, రక్తం ఆగేదాకా మెలి తిప్పండి. సన్నటి తాడు, వైరు వాడితే కండ కోస్తుంది. కట్టిన టైము అతని చొక్కా మీద రాయండి. డాక్టర్ చూసేదాకా వదులు చేయకండి.

ఇక కాగితాలు. ఇరాక్ ఈసీఆర్ దేశం, అంటే కొన్ని రకాల పాస్‌పోర్టులవాళ్లు పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన దేశం. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా వస్తేనే ప్రవాసీ భారతీయ బీమా యోజన కిందికి వస్తారు. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. విజిట్ వీసా మీద వచ్చి ఖల్లివెల్లి (కాగితాలు లేని మనిషి) అయితే ఈ రక్షణ ఉండదు, పైగా కాగితం లేని మనిషినే కాగితం లేని సైట్‌లోకి దించుతారు. పాలసీ, పాస్‌పోర్టు, కాంట్రాక్టు ఫోటోలు ఇంటివాళ్ల ఫోన్లో ఉంచండి, పని చేసే ఊరు మారినప్పుడల్లా చెప్పండి. బాగ్దాద్‌లో మన ఎంబసీ, ఎర్బిల్‌లో మన కాన్సులేట్ ఉన్నాయి. రెండింటి నంబర్లు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్ పగిలినా చీటీ ఉంటుంది.