గేటు టైము చూసుకుని బయల్దేరు అల్లుడూ

ఒంగోలు

అల్లుడూ,

ఆశీస్సులు. రిపబ్లిక్ డే సెలవు కలిపి మూడు రోజులు పిల్లల్ని నల్లమలకి తీసుకెళ్తానని నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి మీ అత్తయ్య నన్ను పొడుస్తూనే ఉంది. "వాడికి అన్నీ వివరంగా రాసి పంపు, ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయి" అంటుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఒంగోలు నుంచి శ్రీశైలానికి 22 ఏళ్లు బస్సు తోలినవాణ్ణి కాబట్టి ఆ దారి గురించి నేను చెప్పేది చెవిన పెట్టు. రూములు, రివ్యూలు అంటావా, అవి నీ ఫోనే నాకంటే బాగా చెబుతుంది.

అన్నిటికంటే ముందు గేటు సంగతి. పెద్దదోర్నాల దాటాక అడవి చెక్‌పోస్టు ఉంది. అవతల శ్రీశైలం వైపు శిఖరం దగ్గర ఇంకోటి. రాత్రి 9కి మూస్తే మళ్లీ పొద్దున 6కే తీస్తారు. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటే వేళ అది. నువ్వు ఎవరైనా సరే, ఎవరి చేత ఫోన్ చేయించినా సరే, ఆ కర్ర లేవదు.

నాకెలా తెలుసంటావా? పదేళ్ల కిందట మన ఇంట్లో పెళ్లయ్యాక పదకొండు మందిమి ఒక వ్యాన్‌లో శ్రీశైలం బయల్దేరాం. పొదిలిలో టీ, మార్కాపురంలో టిఫిను, మధ్యలో ఎవరికో పూలదండలు. దోర్నాల గేటుకి చేరేసరికి 9 దాటి ఇరవై నిమిషాలు. నేను దిగి, కాలరు సరిచేసుకుని, "ఈ రోడ్డు మీద ఇన్నేళ్లుగా బస్సు తోలుతున్నా" అన్నాను. అక్కడున్న కుర్రాడు నవ్వి, "అయితే టైము మీకే బాగా తెలిసుండాలి కదా పెద్దాయనా" అన్నాడు. ఆ రాత్రంతా పెళ్లికూతురుతో సహా వ్యాన్‌లోనే, దోమల మధ్య. మీ అత్తయ్య ఇప్పటికీ నేను ఎక్కడికైనా ఆలస్యంగా బయల్దేరితే "దోర్నాల, దోర్నాల" అంటుంది.

కాబట్టి లెక్క ఎప్పుడూ గేటు దగ్గర్నుంచి వెనక్కి వేసుకో. ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాలకి టీ తాగే టైముతో కలిపి మూడు గంటలు పడుతుంది. అక్కడినుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు కాబట్టి గంటన్నర వేసుకో. పొద్దున గేటు తీసేటప్పటికి అక్కడ ఉండాలంటే ఒంగోల్లో అర్ధరాత్రి దాటాక లేవాలి. పిల్లలతో అది కష్టం. ముందురోజు సాయంత్రానికే మార్కాపురం చేరి అక్కడే పడుకో. చెన్నకేశవస్వామి గుడి చూపించు. పలకలు అక్కడే తయారయ్యేవని మీ పిల్లలకి చెప్పు, వాళ్లు పలకంటే ఫోనే అనుకుంటున్నారు. అక్కడి మాట కాస్త సీమ యాసగా వినిపిస్తే ఆశ్చర్యపోకు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మార్చారు) ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే.

తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. 9కి కదా మూసేది అని శ్రీశైలంలో ఏడున్నరకి కారెక్కావో, గుండె చేత్తో పట్టుకుని మలుపులు తిప్పాలి. అసలు చీకటి పడ్డాక ఆ దారిలో ఉండనే వద్దు. సందెవేళే దుప్పులు, అడవి పందులు రోడ్డు మీదికొస్తాయి. నాలుగింటికే బయల్దేరు.

నీకు రైలు ఇష్టం కదా. బెంగళూరు నుంచి నంద్యాల మీదుగా వచ్చే బండి దొరికితే మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగొచ్చు. గాజులపల్లి నుంచి దిగువమెట్ట దాకా నల్లమల మధ్యలోంచి వస్తుంది, సొరంగం కూడా ఉంది. పగటి బండైతేనే ఆ సరదా. రాత్రిదైతే నిద్రపో. స్టేషన్ నుంచి మార్కాపురం ఊరు కాస్త దూరమే, ఆటోలుంటాయి. అక్కడినుంచి కారు మాట్లాడుకో.

సొంత కారే అయితే దోర్నాల లోపే ట్యాంకు నింపుకో. గాలి, స్టెప్నీ చూసుకో. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. నీది ఆటోమేటిక్ అన్నావుగా, దాంట్లో 'ఎల్' అనో 'ఎం' అనో ఉంటుంది, ఇంటి దగ్గరే తెలుసుకుని రా. దిగువకి అదేపనిగా బ్రేకు తొక్కితే కాసేపటికి కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది. అది వచ్చిందంటే వెడల్పు చోటు చూసి పక్కకి ఆపి, బ్రేకులు చల్లారేదాకా కూర్చో. నీళ్లు మాత్రం పోయకు. ఎదురుగా ఎక్కుతున్న బండికి దారివ్వాల్సింది దిగేవాడే. మలుపులో ఓవర్‌టేక్ చేసే పిచ్చోళ్లు ఉంటారు, వాళ్లని పోనీ.

దారిలో కోతులు గుంపులుగా కూర్చుని ఉంటాయి. పిల్లలు అరటిపండ్లు విసురుతామంటారు. వద్దను. తిండి కోసం రోడ్డు మీదికి అలవాటుపడ్డ కోతి చివరికి ఏదో ఒక లారీ కింద పడుతుంది. నా సర్వీసులో ఎన్ని చూశానో చెప్తే పిల్లలు అన్నం మానేస్తారు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకురాకండి. స్టీలు సీసాలు మనిషికి రెండు. బిస్కెట్ కాగితం కూడా మళ్లీ సంచిలోకే.

ఇక అసలు సంగతి, తుమ్మలబైలు సఫారీ. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోనే ఉంది. అటవీ శాఖ జీపులు లోపలికి తిప్పుతాయి. నీ కారు లోపలికి రాదు. రేట్లు, వేళలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కో. మొదటి జీపే పట్టుకో, ఎండెక్కాక జంతువులూ మనలాగే నీడకి పోతాయి. జనవరిలో తెల్లారగట్ట ఓపెన్ జీపులో చలి కోసేస్తుంది. పిల్లలకి మఫ్లరు, చెవుల మీదికి టోపీ. ఎరుపు, పసుపు చొక్కాలు వద్దు. మీ ఆవిడకి చెప్పు, సెంటు కొట్టుకోవద్దని.

పులి కనపడుతుందా అని పెద్దాడు అడుగుతున్నాడన్నావు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. 1978లో అభయారణ్యంగా ప్రకటించి 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేర్చారు. పెద్ద అడవి, వెదురు, గడ్డి దట్టం. పులికి దాక్కునే చోటు బోలెడు. ఇన్నేళ్లలో రోడ్డు మీద నాకు కనిపించింది రెండే సార్లు, అదీ వెనక భాగమే. వాడికి ఆశ పెట్టి తీసుకురాకు. చూడాల్సినవి వేరే ఉన్నాయని చెప్పు. కొమ్మ మీంచి కొమ్మకి దూకే బెట్లుడుత (అడవిలో ఉండే పెద్ద ఉడుత), దుప్పుల మంద, అదృష్టముంటే నాలుగు కొమ్ముల కొండగొర్రె.

రిటైరయ్యాక ఒకసారి మా మనవణ్ణి తీసుకుని తొలి జీపెక్కాను. గైడుగా వచ్చింది ఒక చెంచు కుర్రాడు. కొంత దూరం పోయాక ఇంజను ఆపించి దిగి, పుల్లతో దుమ్ములో చూపించాడు. ముందురోజు సాయంత్రం జీపు టైరు గాడి, దాని మీద నాలుగు వేళ్లు, వెనక వెడల్పాటి మడమ. "కుక్కదైతే గోళ్లు కూడా పడతాయి సార్, ఇది గోళ్లు లోపల పెట్టుకుని నడుస్తుంది" అన్నాడు. టైరు గాడి మీద పడింది కాబట్టి జీపు పోయాకే నడిచింది. మంచుకి దుమ్ము పైన పొక్కులాగా కట్టింది, అడుగు పడ్డచోట మాత్రం ఆ పొక్కు నలిగిపోయి లోపల పొడిగా ఉంది. అంటే మంచు కురిశాక, తెల్లారబోయే ముందు. అడుగు పక్కన మా మనవడు తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఎక్కడో కొండముచ్చు "ఖక్, ఖక్" అని అరిచింది. పావుగంట కూర్చున్నాం, ఏమీ రాలేదు. ఆ పిల్లాడు ఇంటికొచ్చి నెల రోజులు నోటుపుస్తకం నిండా అదే ముద్ర గీశాడు.

కాబట్టి గైడు ఆపమన్నచోట ఆగు, నోరు మూసుకోమంటే మూసుకో. అతను కుర్రాడే అయినా 'మీరు' అను. గూడెం పక్కగా వెళ్తే అడక్కుండా ఫొటోలు తీయొద్దు. మన వాకిట్లోకి ఎవరో వచ్చి మీ అత్తయ్య అంట్లు తోముతుంటే ఫొటో తీస్తే ఎలా ఉంటుంది?

ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికి కూడా పోదామన్నావు. నెక్కంటి దగ్గర్నుంచి అడవిలోకి జీపు దారి. దారి అంటే రాళ్లే. గంట ఊపుడు పోను, గంట ఊపుడు రాను. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని జనం నమ్మకం. నేను పెట్టాను. ఎలా ఉందో నీకు చెప్పను, నువ్వే పెట్టి చూడు. రోజుకి ఇన్ని జీపులే అని పరిమితి ఉంటుంది, అనుమతి ఉందో లేదో కనుక్కోకుండా బయల్దేరకు. నడుం నొప్పి ఉన్న మా అక్కయ్యని, అంటే మీ అమ్మని, మాత్రం ఎక్కించొద్దు. తను వినదు, అయినా ఎక్కించొద్దు.

ఈసారి కుదరకపోతే మరోసారికి లెక్క చెబుతా. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలకి సఫారీలు మూసేస్తారు. కార్తీకం, శివరాత్రి రోజుల్లో రోడ్డంతా జనమే. ఉగాదికి కన్నడం వాళ్లు అడవిలోంచి కాలినడకన వేల మంది వస్తారు, చూడ్డానికి అదో అందం గానీ జంతువులు కనపడవు. మార్చి దాటాక ఆకు రాలి అడవి పలచబడుతుంది. అటవీ శాఖ వాళ్లు సాసర్ ఆకారంలో కట్టిన నీటి గుంటల్లో ట్యాంకర్లతో నీళ్లు పోస్తారు, జంతువులు అక్కడికే చేరతాయి. చూడ్డానికి అదే మంచి కాలం. కానీ మార్కాపురం ఎండ నీ పిల్లలు తట్టుకోలేరు.

మందుల సంచిలో వాంతుల బిళ్లలు, ఓఆర్ఎస్, డెట్టాల్ పెట్టుకో. గడ్డిలో దిగితే సాయంత్రం పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక పిడుదులు చూడు. నగదు కొంత ఉంచుకో, సిగ్నల్ లేనిచోట నీ స్కానింగులు పనిచేయవు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో.

దోర్నాలలో గేటు దాటే ముందు నాకొక ఫోను కొట్టు. ఆ తర్వాత చాలాచోట్ల నీ ఫోను ఎలాగూ మోగదు, మేం ఊరికే టెన్షన్ పడతాం. శ్రీశైలం చేరాక ఇంకో ఫోను. వచ్చేటప్పుడు గిరిజన సహకార సంస్థ దుకాణంలో ఒక తేనె సీసా మీ అత్తయ్యకి. రోడ్డు పక్కన బకెట్లో అమ్మేది కొనకు, అందులో బెల్లం పాకం ఎంతో తేనె ఎంతో మీ అత్తయ్య ఒక్క చుక్కతో చెప్పేస్తుంది, తిట్లు నాకు పడతాయి.

మీ
మామయ్య