మెకానిక్ పని మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక కార్ల షెడ్డుకు వెళ్తున్నాడు. మొన్న రేడియేటర్ మూత తీయబోయి ముంజేయి కాల్చుకున్నాడు. అయినా ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సే చదువుతానంటున్నాడు. మాన్పించి ఇంటర్‌లో చేర్చమంటారా? – ఒక తల్లి

జవాబు: కోర్సు మాన్పించవద్దమ్మా. షెడ్డు మాత్రం మార్చండి.

మూత తీసింది మీవాడే. కానీ ఇంజన్ చల్లారేదాకా దాని జోలికి వెళ్లవద్దని మొదటి రోజే చెప్పవలసింది మేస్త్రి. రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కనుక నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులు కాగానే ఆవిరై మీదికి చిమ్ముతాయి. ఇంట్లో కుక్కర్ మూత ఆవిరి పోకముందే తీస్తామా? ఇదీ అంతే.

కొత్త షెడ్డులో చేర్చేముందు మీరో, వాళ్ల నాన్నగారో అరగంట అక్కడ నిలబడి చూడండి. కారు కిందికి దూరేవాళ్లు స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి దూరుతున్నారా, జాకీనే నమ్ముకున్నారా? జాకీ ఉన్నది బండిని ఎత్తడానికే, మోస్తూ నిలబడడానికి కాదు. షట్టరు దించి ఇంజన్ నడుపుతుంటే ఇంకేమీ చూడనక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా నెగటివ్ తీగ తీయాలి. పాజిటివ్‌తో మొదలుపెడితే పానా రెండో కొస బండి బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. మధ్యలో ఉంగరం చిక్కుకుంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. మీవాడి వేలికి ఉంగరం ఉంటే, ఏ దేవుడిదైనా సరే, ఇంట్లోనే తీయించి పంపండి.

తలపండిన మేస్త్రులు కూడా తేలికగా తీసుకునే సంగతి ఒకటుంది. ఇప్పటి కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే) డీజిల్ ఇంజన్లలో ఇంధనం 1,600 బార్లకు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 1,600 రెట్లకు, పైబడిన ఒత్తిడిలో పారుతుంది. లీకు ఎక్కడుందో వేలితో తడిమితే ఆ సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పీ ఉండదు. పసుపు అద్ది పనిలో పడిపోతారు. లోపల డీజిల్ కండను తినేస్తుంటుంది. ఆలస్యమైతే వేలు తీసేయవలసి రావచ్చు. అలాంటి గాటు పడితే డీజిల్ తగిలిందని చెప్పి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు, చెయ్యి అక్కర్లేదు.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు. పది పాసైతే చేరవచ్చు. పానా పట్టించకముందే భద్రత గురించి చెబుతారు, తరువాత అప్రెంటిస్‌షిప్‌కు దారి ఉంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. వాటిలో పారేది ప్రాణం తీసే కరెంటు. వాటిని శిక్షణ లేకుండా ముట్టకూడదు కాబట్టి, షెడ్డులో చూసి నేర్చుకున్న పని ఒక్కటే ఇకమీదట చాలదు.

చెయ్యి మానేదాకా ఏ షెడ్డుకూ పంపకండి. కాలినచోట టూత్‌పేస్టు రాయనివ్వకండి. బొబ్బలు లేచి ఉంటే ఈరోజే డాక్టరుకు చూపించండి.