పెద్ద యూనివర్సిటీయా, చిన్న కాలేజీయా? అమెరికా డిగ్రీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. కంప్యూటర్ సైన్స్ చదవాలని పట్టుదలగా ఉంది. పర్డ్యూ యూనివర్సిటీలో సీటొచ్చింది కానీ కంప్యూటర్ సైన్స్‌లో కాదు, ఎక్స్‌ప్లోరేటరీ స్టడీస్‌లో (అంటే ఏ సబ్జెక్టూ ఖాయం కాకుండా చేరే విభాగం). ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి 46 వేల డాలర్లు. అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీలోనూ వచ్చింది. అక్కడ గ్రాంటు పోను 33 వేలు కట్టాలి. గ్రిన్నెల్ పేరు ఎవరూ వినలేదని, పైగా ఆర్ట్స్ కాలేజీ అని, బీఏ పట్టా ఇస్తారని చుట్టాలంతా భయపెడుతున్నారు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, హనుమకొండ)

ముందు బీఏ భయం తీర్చుకోండి. లిబరల్ ఆర్ట్స్ అన్నప్పుడు ఆర్ట్స్ అంటే మన ఆర్ట్స్ గ్రూపు కాదు. గణితం, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ అన్నీ అందులోనే ఉంటాయి. నాలుగేళ్లలో మూడో వంతుకు కాస్త అటూఇటూగా మేజర్ (ప్రధాన) సబ్జెక్టు చదివి, మిగతా కోర్సులు బయటి శాఖల్లో చేస్తారు. ఇంటెల్ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నోయ్స్ 1949లో డిగ్రీ తీసుకున్నది ఈ గ్రిన్నెల్‌లోనే. అమెరికాలో ఉద్యోగానికైనా, ఎంఎస్ సీటుకైనా చూసేది ఏ కోర్సులు చేశారు, ఎన్ని మార్కులు వచ్చాయి అనే. కంప్యూటర్ సైన్స్‌లో బీఏ అని ఉంటే ఎవరూ పక్కన పెట్టరు. అయితే మీ అమ్మాయికి మెకానికల్, సివిల్ లాంటివి కావాలంటే మాత్రం గ్రిన్నెల్‌లో ఆ డిగ్రీలు లేవు. చిన్న కాలేజీల్లో ఇంజినీరింగ్ కావాలనుకునేవాళ్లు స్వార్థ్‌మోర్, హార్వీ మడ్, స్మిత్, లఫాయెట్ లాంటివి చూడాలి.

మీ విషయంలో అసలు మెలిక పర్డ్యూ సీటు ఏ మేజర్‌లో వచ్చిందన్నదే. పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌కు గిరాకీ ఎక్కువ, సీట్లు తక్కువ. నేరుగా ఆ మేజర్‌లో రానివాళ్లు తర్వాత మారడం చాలా కష్టం. పర్డ్యూలో మేజర్ మారడాన్ని చేంజ్ ఆఫ్ డిగ్రీ ఆబ్జెక్టివ్ అంటారు. క్యాంపస్‌లో అందరి నోటా ‘కోడో’. కంప్యూటర్ సైన్స్‌కు కోడో కావాలంటే మార్కులుంటే చాలదు, అక్కడ ఖాళీ కూడా ఉండాలి. ‘ముందు చేరిపోదాం, లోపలికెళ్లాక మారొచ్చు’ అనుకునే చేరిన పిల్లలే రెండో ఏడాది చివర ఇష్టంలేని మేజర్‌లో ఇరుక్కుంటున్నారు. గ్రిన్నెల్ లాంటి చోట చేరేటప్పుడు మేజర్ ఉండదు. రెండో ఏడాదిలో ఎంచుకుంటారు. అయినా అక్కడి కంప్యూటర్ సైన్స్ శాఖకు రాయండి: మేజర్ ప్రకటించడానికి ఏమైనా పరిమితి ఉందా, తొలి కోర్సులో ఫస్టియర్ వాళ్లకు సీటు ఖాయమేనా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఎనిమిది సెమిస్టర్లకు ఎనిమిది గళ్లు గీయండి. రెండు చోట్లా మీ అమ్మాయి ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు చేస్తుందో రాయండి. దీనికి కోర్సు క్యాటలాగ్‌ను నమ్మొద్దు. క్యాటలాగ్‌లో ఉన్నవన్నీ ప్రతి ఏడాదీ నడవవు. గడిచిన రెండేళ్ల సెమిస్టర్ షెడ్యూళ్లు తీసి, నిజంగా నడిచినవి ఏవో చూడండి. చిన్న కాలేజీల బలహీనత ఇక్కడే బయటపడుతుంది. అధ్యాపకులు కొద్దిమందే కాబట్టి పైస్థాయి కోర్సులు చాలావరకు ఏడాది విడిచి ఏడాది వస్తాయి. ఆ సబ్జెక్టు చెప్పేవారు సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే దీర్ఘ సెలవు) మీద వెళ్తే ఆ కోర్సు ఇంకో ఏడాది వాయిదా. మీ అమ్మాయికి మెషిన్ లెర్నింగ్, కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ మూడూ కావాలనుకుంటే, అవి మూడో, నాలుగో ఏడాదుల గళ్లలో పడుతున్నాయో లేదో ఇప్పుడే తెలియాలి. పర్డ్యూ లాంటి చోట ఈ ఇబ్బంది తక్కువ. కాకపోతే అక్కడ కోర్సు ఉన్నా సీటు దొరకడం ఇంకో గండం. రిజిస్ట్రేషన్‌లో ముందు వరస సీనియర్లది, మేజర్ వాళ్లది. ఎక్స్‌ప్లోరేటరీ విద్యార్థి వంతు వచ్చేసరికి ఏం మిగులుతుందో అడగాలి.

తొలి రెండేళ్లు ఎవరు చెబుతారన్నది చాలామంది అడగనే అడగరు. పెద్ద యూనివర్సిటీలో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సంటే వందల మంది కూర్చునే హాలు. ప్రొఫెసర్ వేదిక మీద ఉంటారు. ల్యాబ్ నడిపేదీ, ప్రోగ్రాములు దిద్దేదీ ఎక్కువగా టీఏలు, అంటే పై చదువులు చదివే విద్యార్థులు. అసైన్‌మెంట్ గడువుకు ముందు రాత్రి ఆఫీస్ అవర్స్‌కు (సందేహాలు తీర్చే సమయం) వెళ్తే తన పేరు వరసలో ఎక్కడో ఉంటుంది. చొరవ ఉన్న పిల్లలు సోమవారమే వెళ్లి పని పూర్తి చేసుకుంటారు, మొహమాటపడే పిల్లలు వెనకబడతారు. గ్రిన్నెల్‌లో తొలి కంప్యూటర్ సైన్స్ కోర్సు వర్క్‌షాప్ పద్ధతిలో నడుస్తుంది. ఇద్దరు విద్యార్థులు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఒకరు కీబోర్డు మీద రాస్తుంటే రెండోవారు తప్పులు పట్టాలి, కాసేపటికి చోట్లు మారాలి. ప్రొఫెసర్ బల్లల మధ్య తిరుగుతూ చూస్తుంటారు. అక్కడ దాక్కోవడం కుదరదు. ఇంటర్‌లో రెండేళ్లు నోరు విప్పకుండా నోట్సు రాసుకున్న పిల్లలకు మొదటి సెమిస్టర్ ఇది గట్టి దెబ్బే, కానీ మూడో సెమిస్టర్‌కి అదే బలమవుతుంది. పైగా నాలుగేళ్లయ్యాక సిఫారసు లేఖ రాయగలిగేంత దగ్గరగా ఎరిగిన ప్రొఫెసర్లు ముగ్గురైనా ఉంటారు. ఎంఎస్, పీహెచ్‌డీలకు ఇది పెద్ద ఆస్తి.

ఇక డబ్బు. ఏడాదికి 13 వేల తేడా అంటే నాలుగేళ్లకు 52 వేల డాలర్లు. ఈ లెక్క నిలవాలంటే గ్రాంటు పత్రం మళ్లీ చదవండి. అందులో క్యాంపస్ జాబ్ కింద రెండు మూడు వేలు చూపించి ఉంటే అది ఫీజులో తగ్గదు. పని చేసిన గంటలకు జీతంగా వస్తుంది. ఫీజు ఏటా పెరుగుతుంది, గ్రాంటు కూడా దాంతోపాటు పెరుగుతుందా, అక్కడే ఆగుతుందా? నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ కావాలి? హెల్త్ ఇన్సూరెన్స్ లెక్కలో కలిపారా? వీటికి జవాబు ఈమెయిల్‌లో రావాలి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఉద్యోగాల దగ్గర మాత్రం పర్డ్యూదే పైచేయి. విద్యార్థులే నడిపే ఇండస్ట్రియల్ రౌండ్‌టేబుల్ జాబ్ ఫెయిర్‌కు వందల కంపెనీలు వస్తాయి. వీసా స్పాన్సర్ చేయడం అలవాటున్న పెద్ద కంపెనీలు అలాంటి చోట్లకే నేరుగా వెళ్తాయి. గ్రిన్నెల్‌లో చదివితే పూర్వ విద్యార్థులకు రాసుకుంటూ, దరఖాస్తులు తనే పెట్టుకుంటూ వెతుక్కోవాలి. ఇంకొకటి: కొన్ని చిన్న కాలేజీల్లో సీపీటీకి (చదువులో భాగంగా బయట ఇంటర్న్‌షిప్ చేసుకునే అనుమతి) వీలుండదు, లేదా చాలా పరిమితం. అప్పుడు వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఓపీటీలోంచి (విదేశీ విద్యార్థులు చదివిన రంగంలో పని చేసుకునేందుకు ఇచ్చే గడువు) వాడుకోవాలి. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు. చదువు మధ్యలో వాడిన కాలం ఆ 12 నెలల్లోంచే పోతుంది. గ్రిన్నెల్ ఇంటర్నేషనల్ ఆఫీసును సీపీటీ గురించి సూటిగా అడగండి.

మా మాట: కంప్యూటర్ సైన్స్‌లోనే నేరుగా పర్డ్యూ సీటు వచ్చి ఉంటే, ఆ 52 వేలు అప్పు చేయకుండా భరించగలిగితే పర్డ్యూ అనేవాళ్లం. చేతిలో ఉన్నది ఎక్స్‌ప్లోరేటరీ సీటు. పైన చెప్పిన జవాబులు సరిగా వస్తే గ్రిన్నెల్‌లో చేర్చండి. సాధారణంగా మే 1 లోపు డిపాజిట్ కట్టాలి, ఏప్రిల్ మొదటి వారంలోనే ఈ ఈమెయిళ్లు వెళ్లాలి.

ప్రశ్న: మేం అమెరికాలో హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నాం. బాబుది మా మీద ఆధారపడిన హెచ్-4 వీసా. మా రాష్ట్రపు యూనివర్సిటీ ఇన్‌స్టేట్ ఫీజుకే (రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజు) తీసుకుంటోంది. చిన్న కాలేజీ ఒకటి కొంత గ్రాంటు ఇస్తానంటోంది. బాబు ఆరు ఏపీ పరీక్షలు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) రాశాడు. ఎలా పోల్చుకోవాలి?

ఏపీ పరీక్షల విలువ రెండు చోట్లా ఒకటి కాదు. పబ్లిక్ యూనివర్సిటీల్లో మంచి స్కోర్లకు చాలా క్రెడిట్లు ఇస్తారు. ఆరు పరీక్షలకు దాదాపు ఏడాది చదువుకు సరిపడా రావచ్చు. అమ్హర్స్ట్, విలియమ్స్ లాంటి కాలేజీలు డిగ్రీ క్రెడిట్లు ఇవ్వవు, మహా అయితే పై కోర్సులో కూర్చోనిస్తాయి. అయితే క్రెడిట్లు వచ్చినంత మాత్రాన మూడేళ్లలో డిగ్రీ అయిపోతుందనుకోవద్దు. డేటా స్ట్రక్చర్స్ అయితేగానీ ఆల్గారిథమ్స్ లేదు, అదైతేగానీ పై కోర్సులు లేవు. ఈ గొలుసు పొడవు ఏపీతో పెద్దగా తగ్గదు. తగ్గేది ఇంగ్లిష్, హిస్టరీ లాంటి జనరల్ కోర్సుల భారమే.

వీసా సంగతి ఇంకా ముఖ్యం. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. చాలా కాలేజీలు వాళ్లను విదేశీ విద్యార్థుల వరసలోనే చూస్తాయి. హెచ్-4 మీద పని చేసే అనుమతి లేదు, కాబట్టి చిన్న కాలేజీ గొప్పగా చెప్పే జీతమిచ్చే వేసవి రీసెర్చ్ బాబుకు అందదు. 21 నిండేసరికి ఎలాగూ హెచ్-4 పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. మారితే క్యాంపస్‌లో పని చేయొచ్చు, కానీ కొన్ని రాష్ట్రాల్లో ఇన్‌స్టేట్ ఫీజుకు గండి పడుతుంది. యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకు రాసి ‘మధ్యలో ఎఫ్-1కు మారితే ఫీజు ఎంత?’ అని అడగండి. ఆ జవాబు వచ్చాకే నాలుగేళ్ల లెక్క వేయాలి.

మరొక మాట: నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూ వేసవి ప్రాజెక్టుల్లో స్టైపెండ్ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 విద్యార్థికి దారి కాలేజీ సొంత నిధులతో నడిచే రీసెర్చ్. ఈ విషయంలో డబ్బున్న చిన్న కాలేజీలు మెరుగు.

ప్రశ్న: ఎకనామిక్స్ చదివితే మూడేళ్ల ఓపీటీ రాదంటున్నారు, నిజమేనా?

మేజర్‌కు ఇచ్చిన సీఐపీ కోడ్ (అమెరికాలో ఒక్కో సబ్జెక్టుకు ఉండే అధికారిక అంకె) మీద ఆధారపడుతుంది. మామూలు ఎకనామిక్స్ కోడ్ 45.0601 స్టెమ్ కాదు. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603 స్టెమ్. ఒకే సబ్జెక్టును ఒక కాలేజీ ఒక కోడ్‌తో, ఇంకొకటి ఇంకో కోడ్‌తో నడుపుతాయి. ఐ-20లో (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మేజర్ పేరు పక్కనే ఆ అంకె ఉంటుంది. మేజర్ ప్రకటించాక ఐ-20 మార్పించుకుని ఆ అంకె చూసుకోవాలి. ఇందులో కాలేజీ పెద్దదా చిన్నదా అన్న తేడా లేదు.

ప్రశ్న: మా వాడు విజయవాడలో కార్పొరేట్ కాలేజీలో ఇంటర్. అమెరికా కాలేజీల వాళ్లు కౌన్సిలర్ లేఖ (చదువుకున్న కాలేజీ తరఫున విద్యార్థి గురించి రాసే లేఖ) అడుగుతున్నారు. మా కాలేజీలో అలాంటివారే లేరు.

ప్రిన్సిపాల్ గానీ వైస్ ప్రిన్సిపాల్ గానీ ఆ పాత్ర పోషించొచ్చు. కామన్ యాప్‌లో (ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే వెబ్‌సైట్) వారి ఈమెయిల్ ఇస్తే వారికి లింకు వస్తుంది. వారికి తీరిక ఉండదు కాబట్టి ఒక పేజీ సమాచారం మీరే ఇవ్వండి: సెక్షన్‌లో ఎంతమంది, బాబు స్థానం ఎంత, రోజూ ఎన్ని గంటల క్లాసులు, ఇంటర్ బోర్డు మార్కుల పద్ధతి ఏమిటి. లేఖ మాత్రం వారే రాయాలి. 9వ తరగతి నుంచి మార్కుల జాబితాలు కావాలి కాబట్టి పాత స్కూలు నుంచి ఇప్పుడే తెప్పించుకోండి. చిన్న కాలేజీలు చాలావరకు ఇద్దరు లెక్చరర్ల లేఖలు అడుగుతాయి. ‘తెలివైన విద్యార్థి, క్రమశిక్షణ కలవాడు’ అన్న రెండు వాక్యాల లేఖ అక్కడ నష్టమే చేస్తుంది. ఒక లెక్క ఎలా చేశాడో, ఏ సందేహం అడిగాడో రాసేవారిని ఎంచుకోండి. ఇది కుదరదనుకుంటే ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ లాంటి లేఖలు అడగని పబ్లిక్ యూనివర్సిటీలు కూడా జాబితాలో పెట్టుకోండి. అక్కడ మార్కులు విద్యార్థే నింపాలి, తర్వాత అసలు మార్కుల జాబితాతో పోలుస్తారు. ఒక్క అంకె తప్పు పడినా చిక్కే.

ప్రశ్న: చిన్న ఊళ్లో శాకాహారం దొరుకుతుందా?

దొరుకుతుంది, రోజూ అవే దొరుకుతాయి. చాలా చిన్న కాలేజీల్లో హాస్టల్, మెస్ తప్పనిసరి, బయట గది తీసుకుని వండుకోవడం కుదరదు. డార్మ్‌లో విద్యార్థులు వాడుకునే వంటగది ఉందా, డిసెంబరు సెలవుల్లో డార్మ్ మూసేస్తారా, మూస్తే ఉండనివ్వడానికి ఎంత తీసుకుంటారు, విమానాశ్రయానికి బస్సు ఉందా అని అడగండి. గ్రిన్నెల్ నుంచి డెమోయిన్ విమానాశ్రయం కారులో గంట దూరం, మంచు పడితే ఇంకా ఎక్కువ.