తుపాకిని ‘ధరించడం’ తెలుగేనా?

సందేహం: అమెరికాలో తుపాకుల చట్టాలపై సాగుతున్న వాదం గురించి మా తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాస్తూ ‘ఆయుధాలు ధరించే హక్కు’, ‘తుపాకుల హక్కులు’, ‘తుపాకుల నియంత్రణ’ అని వాడాను. ధరించడానికి అవేమైనా నగలా అని ఒక మిత్రుడు ఆక్షేపించారు. నియంత్రణ అంటే నిషేధమేనని మరొకరు అన్నారు. తుపాకి, తుపాకీ – వీటిలో ఏది సరైన రూపమో కూడా తెలుపగలరు.
– ఒక పాఠకుడు, టెక్సాస్

సమాధానం: మీ మిత్రుని ఆక్షేపణ సగం నిజం. ధరించడమంటే పట్టుకోవడం, మోయడం అనే అర్థం మూలంలో ఉన్నదే; చక్రధరుడు, గదాధరుడు, శస్త్రధారి వంటి మాటల్లో అది ఇప్పటికీ నిలిచి ఉంది. కాని సమాసంలో మిగిలిన అర్థం విడి క్రియలోనూ మిగలాలన్న నియమం లేదు. నేటి వాడుకలో మనం ధరించేవి బట్టలు, నగలు, కళ్లజోళ్లు. మన రాజ్యాంగం 25వ అధికరణం సిక్కుల కృపాణాల విషయంలో ధరించడాన్నీ తీసుకువెళ్లడాన్నీ వేర్వేరుగా పేర్కొన్నది కూడా గమనించదగినది.

1791లో అమలులోకి వచ్చిన అమెరికా రాజ్యాంగ రెండవ సవరణలోనూ రెండు క్రియలున్నాయి: ఒకటి ఆయుధాన్ని ఉంచుకోవడం, రెండవది దానిని వెంట తీసుకువెళ్లడం. ‘ఆయుధాలు కలిగి ఉండే హక్కు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రెండవది కనుమరుగవుతుంది. తగవులో సగం ఆ రెండవదాని మీదనే. ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతి తుపాకి ఉంచుకొనే హక్కు వ్యక్తికి ఉందని 2008లో హెల్లర్ కేసులో చెప్పిన అమెరికా సుప్రీంకోర్టు, ఇంటి వెలుపల దానిని వెంట ఉంచుకొనే హక్కు కూడా ఉందని 2022లో బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన అర్హులు లైసెన్సు లేకుండానే చేతి తుపాకితో తిరగవచ్చునని మీ టెక్సాస్ 2021లో చేసిన చట్టం కూడా ఈ రెండవ క్రియకు సంబంధించినదే. కాబట్టి ‘ఆయుధాలు దగ్గర ఉంచుకొనే, వెంట తీసుకువెళ్లే హక్కు’ అని రాయండి. కొంత పొడవైనా అర్థం చెడదు.

పొడవు తగ్గించాలని ‘తుపాకి పట్టే హక్కు’ అని మాత్రం రాయవద్దు. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన నేల మీద తుపాకి పట్టడమంటే తిరగబడడమే. నిరంకుశ ప్రభుత్వాన్ని ఎదిరించడానికే ఆ సవరణ పుట్టిందని వాదించే అమెరికన్లకు ఈ మాట నచ్చవచ్చు గాని, ఇరుపక్షాల మాటా వినిపించవలసిన వ్యాసం దానివల్ల ఒకవైపు ఒరిగిపోతుంది.

‘తుపాకుల హక్కులు’ స్పష్టంగా తప్పు. బాలల హక్కులంటే బాలలకున్న హక్కులైనప్పుడు, తుపాకుల హక్కులంటే తుపాకులకున్న హక్కులనే కదా చదువరికి తోచేది! అలాగని హక్కు అన్న చోట ‘అనుమతి’ అని మార్చినా పొరపాటే. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో ఆయుధ హక్కు ఉన్నా, 1948లో దానిని చేర్చాలని రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ కోరినా, మన రాజ్యాంగంలో దానికి చోటు దక్కలేదు. 19వ అధికరణం ఇచ్చినది నిరాయుధంగా సమావేశమయ్యే హక్కు. అందుచేత తుపాకి ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు వ్యవహారం, అక్కడ హక్కుల వ్యవహారం. ఆ తేడా మీ మాటల ఎంపికలో కనిపించాలి.

నియంత్రణ విషయంలో మీరే సరి. సంస్కృతంలో ‘నియంత’ అంటే సారథి అనే అర్థం కూడా ఉంది. గుర్రాలను పగ్గాలతో అదుపులో ఉంచి నడిపేవాడు గాని బండిని ఆపేసేవాడు కాడు. తెలుగులో ఆ పదం నిరంకుశుడికి పేరుగా స్థిరపడడం, ‘కుటుంబ నియంత్రణ’ అనగానే జనానికి ఆపరేషనే గుర్తుకు రావడం వల్ల కాబోలు, నియంత్రణ అంటే పూర్తిగా ఆపివేయడమేనన్న భావం కొందరిలో పాతుకుపోయింది. రక్తపోటు నియంత్రణ అంటే రక్తపోటు లేకుండా చేయడం కాదు గదా! తుపాకుల వ్యాపారులకు లైసెన్సులు పెట్టి, నేరం రుజువైనవారికి అమ్మకాలను అడ్డుకున్న 1968 చట్టమూ, కొనేవారి పూర్వచరిత్రను పరిశీలించాలన్న 1993 నాటి బ్రేడీ చట్టమూ నియంత్రణలు. కొన్ని రకాల సైనిక తరహా తుపాకుల తయారీని, అమ్మకాన్ని 1994 నుండి 2004 వరకు ఆపిన చట్టం నిషేధం. నిషేధం నియంత్రణలో ఒక రకమే గాని దానికి పర్యాయపదం కాదు. ‘తుపాకులను అరికట్టడం’ అని కొందరు రాస్తుంటారు. అరికట్టడంలో చెడును ఆపడమనే తీర్పు ముందే ఉంది కనుక అదీ తగదు.

ఇక తుపాకి తుర్కీ మాట. పారసీ, హిందూస్తానీల మీదుగా మనకు చేరింది. ‘పార్టీ’కి బహువచనం పార్టీలు, ‘కత్తి’కి కత్తులు. మనవాళ్లు ‘తుపాకులు’ అంటున్నారు గనుక ఈ మాట కత్తి దారి పట్టి హ్రస్వాంతమైపోయింది. తుపాకి రాముడి కోతల్లోనూ, ములుగు జిల్లా తుపాకులగూడెం పేరులోనూ కనిపించేది ఆ రూపమే. ‘తుపాకీ కాల్పులు’ వంటి చోట్ల పత్రికలు దీర్ఘం వాడుతున్నాయి. దానిని తప్పనను గాని నేనైతే తుపాకి అనే రాస్తాను.