సోలింగెన్ అని చెక్కినంత మాత్రాన సోలింగెన్ కత్తి అయిపోదు

900 రూపాయలకు ఆన్‌లైన్‌లో 'జర్మన్ స్టీల్, సోలింగెన్' అని అమ్ముతున్న మంగలి కత్తి కొనొచ్చా, నకిలీదైతే ఎలా తెలుస్తుంది అని కదా అడిగారు. కొనకండి. నేను కొని చూశాను. సోలింగెన్ అంటే కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు.

మాది పర్లాకిమిడి. నాన్నకి సెలూన్ ఉంది. ఎయిడ్స్ భయం మొదలయ్యాక అందరిలాగే ఆయనా సగం బ్లేడు పెట్టే కత్తికి మారిపోయాడు. పాత కత్తి, సానరాయి పొదిలోనే ఉండిపోయాయి. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి మంచి కత్తి ఒకటి ఇద్దామని నాకు బుద్ధి పుట్టింది. 1,150 రూపాయలు. 'అసలు గేదె కొమ్ము పిడి' అట. నాలుగున్నర స్టార్లు. ఆ స్టార్లు వేసేవాళ్లకి అసలు గెడ్డాలున్నాయా అని నా అనుమానం. పెట్టె బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది అని ఐదు స్టార్లు వేసేస్తారు.

ముందు పిడి దగ్గరే దొరికిపోయింది. మా ఊళ్లో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చెక్కే పనివాళ్లున్నారు. గెడ్డానికి వచ్చిన అలాంటి మావయ్య ఒకాయన సూది కాల్చి పిడి లోపలివైపు ఆనించాడు. కొమ్మయితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టాలి. ఇది ప్లాస్టిక్ బకెట్టు కాలిన కంపు కొట్టింది.

నాన్న ఏమీ అనలేదు. చేతి అద్దం బల్ల మీద పరిచి, కత్తిని దాని మీద పడుకోబెట్టాడు. వెన్నూ అంచూ రెండూ ఆ చివర నుంచి ఈ చివరి దాకా అద్దానికి ఆనాలి. వేలితో నొక్కితే టకటకమని ఊగింది. సాన పట్టేటప్పుడు కోణాన్ని నిలబెట్టేది వెన్నే. అది మెలి తిరిగితే రోజంతా రుద్దినా ధార ఒక ముక్కకే వస్తుంది. వెలుతురుకెత్తి చూస్తే వెన్ను ఒకచోట లావు, ఇంకోచోట సన్నం. "ఇదేటిరా, కత్తా, కత్తి బొమ్మా?" అన్నాడు.

వాపసు చేద్దామంటే 'శుభ్రతకు సంబంధించిన వస్తువు, తిరిగి తీసుకోం' అన్నారు. మరి అబద్ధం రాసి అమ్మడం ఏ శుభ్రతో!

ఇక పేరు సంగతి. కత్తి మీద సోలింగెన్ అని వేయాలంటే ముఖ్యమైన పనంతా ఆ ప్రాంతంలోనే జరగాలని 1938లోనే అక్కడ చట్టం చేశారు. ఉత్త 'జర్మన్ స్టీల్' అంటే కత్తి ఎక్కడ చేశారో చెప్పనట్టే. నవ్వొచ్చేదేమిటంటే, 19వ శతాబ్దంలో ఈ సోలింగెన్ వాళ్లలోనే కొందరు తమ సరుకు మీద, కత్తులకు అప్పటికే పేరున్న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పేరు కొట్టి అమ్మేవారు. అలాంటి గోల పడలేకే బయటి సరుకు మీద దేశం పేరు ఉండాలని బ్రిటన్ 1887లో చట్టం తెచ్చింది. 'మేడిన్ జర్మనీ' అన్న ముద్ర అలా వచ్చిందే.

సోలింగెన్‌లోనే చేసే డోవో కంపెనీ కత్తి కొత్తదైతే వేలల్లోనే ఉంటుంది. 900కి వస్తోందంటే అక్కడే ఆగిపోవాలి. కత్తి మీద అలల్లా కనిపించే డమాస్కస్ గీతలు చూసి కూడా మురిసిపోకండి, గీతలు గెడ్డం గియ్యవు.

మీరు పెట్టిన ఫొటోలు చూశాను. పిడి ఉంది, పెట్టె ఉంది, గెడ్డం నిమురుకుంటున్న తెల్లాయన ఉన్నాడు. వెన్ను వైపు నుంచి తీసింది ఒక్కటీ లేదు. అమ్మేవాణ్ని అది అడగండి. పంపితే ఇక్కడ పెట్టండి, నాన్నకి చూపిస్తాను.