తొక్కని బ్రేకు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మా,

నీ కథ అందింది. నాలుగు పేజీల దాకా కుర్చీలోంచి లేవకుండా చదివాను. ఐదో పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. నువ్వు దాన్ని పోటీకి పంపేలోగా నా మాట నీకు చేరాలని ఈ రాత్రే రాస్తున్నాను.

నీ కథ జరిగేది 1957లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో. ఉదయం చరిత్ర పాఠం చెప్పి, మధ్యాహ్నం పదహారేళ్ళ పిల్లలకు కారు నడపడం నేర్పే హైస్కూలు మాస్టారు. ఆ మాస్టారే ఇప్పుడు మీ పక్కింటి పెద్దాయన అనీ, ఆయన చెప్పిన సంగతులే కథకు ఆధారమనీ రాశావు. తెలుగులో ఈ వస్తువుతో కథ నేనింతవరకు చదవలేదు. నీ వాక్యం కూడా శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో చాలు, అసలు సంగతికి వస్తాను.

ఐదో పేజీలో శనివారం రాత్రి ఆ కుర్రవాడు తండ్రి కారు తీసుకెళ్ళి చెట్టుకు గుద్దేస్తాడు. అక్కడి నుంచి రెండు పేజీల నిండా నెత్తురే. గాజుపెంకులు, విరిగిన ఎముకలు, తల్లి గుండెలు బాదుకోవడం. చివర మాస్టారు సమాధి ముందు నిలబడి వేగం గురించి నీతి వాక్యం చెబుతాడు. అన్ని పేజీలు కష్టపడి ఒక మనిషిని నిలబెట్టావు, రెండు పేజీల్లో ఆ మనిషిని గోడమీది నినాదం చేసేశావు. ఎందుకమ్మా?

భయపెట్టాలా, పని నేర్పాలా అన్న ఈ తగువు నీ కథ జరిగిన కాలంలోనే ఉంది, నీకది తెలియాలి. 1934 ప్రాంతంలో పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊళ్ళో ఏమస్ నైహార్ట్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసరు హైస్కూలు పిల్లలను తన సొంత గ్రాహం-పేజ్ కారులో కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. అమెరికా హైస్కూళ్ళలో డ్రైవింగ్ పాఠం పుట్టింది అలా అని చెబుతారు. ఆ మరుసటి ఏడాది, 1935 ఆగస్టులో, జె.సి. ఫర్నాస్ అనే పత్రికా రచయిత రీడర్స్ డైజెస్ట్‌లో 'అండ్ సడన్ డెత్' అనే వ్యాసం రాశాడు. ప్రమాదంలో మనిషి శరీరం ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు చెప్పిన వ్యాసం అది. లక్షల ప్రతులు వేసి ఊరూరా పంచారు. ఇద్దరి ముందూ ఉన్న సమస్య ఒక్కటే. ఒకాయన పిల్లవాడి చేతికి స్టీరింగ్ ఇచ్చి పక్కన కూర్చున్నాడు, ఇంకొకాయన పాఠకుడికి శవాన్ని చూపించాడు. 1959లో మీ ఒహాయోలోనే నిజమైన ప్రమాద స్థలాల్లో తీసిన 'సిగ్నల్ 30' అనే సినిమా వచ్చింది. చీకటి గదుల్లో పిల్లలను కూర్చోబెట్టి చాలా ఏళ్ళు దాన్ని చూపించారు. నీ ఐదో పేజీ ఆ రీలుకు తెలుగు నకలు.

నటుడు జేమ్స్ డీన్ సంగతి నీ కథలో కుర్రవాళ్ళు మాట్లాడుకుంటారు, అది బాగుంది. 1955 సెప్టెంబరులో రోడ్డు మీద జాగ్రత్తగా నడపమని కెమెరా ముందు చెప్పి, ఆ నెల 30న కాలిఫోర్నియాలో తన పోర్షా కారులోనే చనిపోయాడు. అప్పటికి 24 ఏళ్ళు. పిల్లలు అతని ఫొటో గోడకు అంటించుకున్నారు, అతనిలాగే నడపాలనీ అనుకున్నారు. పదహారేళ్ళవాడి కంటికి చావు కూడా అందంగానే కనిపిస్తుంది. వాడిని నెత్తురుతో భయపెట్టి దారికి తేవచ్చని నేను నమ్మను, పాఠకుడిని కూడా అలా కదిలించవచ్చని నమ్మను. ఎన్నో ఏళ్ళుగా నేను పోట్లాడుతున్నది దీని గురించే. కథలో మనిషి చేసే పని కనబడాలి. చేతులు ఏం చేస్తున్నాయో, కాళ్ళు ఏం చేస్తున్నాయో, కన్ను ఎక్కడుందో తెలియాలి. అది తెలిసిన పాఠకుడికి ఆ మనిషి మీద బెంగ దానంతట అదే పుడుతుంది.

నీ రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: "మాస్టారు ప్రతిస్పందన సమయం గురించి బోధించారు." ఆ వాక్యం చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ పాఠం ఎలా చెప్పేవారో మీ పెద్దాయనను అడిగావా? క్లీవ్‌లాండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్న రోజుల్లో అక్కడి గ్రంథాలయంలో ఆనాటి పాఠ్యపుస్తకాలు చదివాను. కారు ముందు బంపరుకు రెండు చిన్న తుపాకీ గొట్టాలు, మొనలు నేలవైపు తిప్పి బిగించేవారు. ఒక్కోదానిలో ఉత్తుత్తి తూటా, దాంతోపాటు రంగు. పిల్లవాడు గంటకు 20 మైళ్ళ వేగంతో పోతూ ఉంటాడు. మాస్టారు చెప్పాపెట్టకుండా మొదటి దాన్ని పేలుస్తాడు. రోడ్డు మీద ఒక మచ్చ పడుతుంది. ఆ చప్పుడు వింటే ఆగాలి. కుర్రవాడి పాదం యాక్సిలరేటరు మీది నుంచి లేచి, పక్కకు జరిగి, బ్రేకు తొక్కిన క్షణాన రెండో గొట్టం పేలుతుంది, ఇంకో మచ్చ పడుతుంది. కారు ఆగాక అందరూ దిగి టేపు పట్టి కొలుస్తారు. ముప్పావు సెకను ఆలస్యమైతే ఆ రెండు మచ్చల మధ్య 22 అడుగులు. బ్రేకు ఇంకా పడనే లేదు, కారు 22 అడుగులు పోయింది. అదే 60 మైళ్ళ వేగమైతే 66 అడుగులు. తన కాలు చురుకైనదని విర్రవీగే కుర్రవాడు ఆ మచ్చల మధ్య అడుగులు వేసుకుంటూ నడిచి, వెనక్కి తిరిగి చూసే చూపు ఉందే, దాని కోసం నువ్వు ఒక పేజీ ఖర్చు పెట్టాలి. చెట్టు, నెత్తురు, సమాధి అన్నీ కలిసినా ఆ చూపు ముందు నిలబడవు.

ఇక ఆ కారు. మొదటి పేజీ అంతా షెవ్రొలే కారు వెనక లేచిన రెక్కల గురించి, తళతళలాడే క్రోమియం గురించి, రేడియోలో పాటల గురించి రాశావు. ఈ మధ్య పాత కాలం కథ రాసేవాళ్ళందరూ ఇదే దారి పట్టారు. నాలుగు వస్తువుల పేర్లు చెప్పి కాలాన్ని పట్టుకున్నామనుకుంటారు, పత్రికలవాళ్ళు దానికి 'వాతావరణ చిత్రణ' అని కితాబిస్తారు. నాకది గిట్టదు. ఆనాటి కారును ఆ పిల్లవాడి ఒంటితో పట్టుకో. గేరు మీట స్టీరింగ్ కింది కాండానికే ఉండేది. తనవైపు లాగి కిందికి దించితే మొదటి గేరు, అవతలికి తోసి పైకెత్తితే రెండోది, అక్కడి నుంచి కిందికి దించితే మూడోది. కార్లకు మలుపు చూపే దీపాలు వచ్చినా చేతి సంజ్ఞలు నేర్పడం మానలేదు. ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యి కిటికీలోంచి బారుగా చాపాలి. కుడికైతే మోచేయి వంచి పైకెత్తాలి. ఆగాలంటే చేతిని కిందికి దించాలి. ఇప్పుడు ఒహాయో చలికాలంలో ఎడమ మలుపు తీసుకుంటున్న పిల్లను ఊహించు. ఎడమ చెయ్యి బయట గడ్డకట్టుకుపోతోంది, ఎడమ కాలు క్లచ్ మీద, కుడి చెయ్యి గేరు మార్చాలి. మరి స్టీరింగ్ ఎవరు పట్టుకోవాలి? అందుకే మాస్టారు వరుస నేర్పాలి. చాలా ముందుగానే సంజ్ఞ చెయ్యి, చెయ్యి లోపలికి తీసుకో, అప్పుడు గేరు, అప్పుడు మలుపు. వెనక సీట్లో తమ వంతు కోసం ఎదురుచూస్తున్న మిగతా పిల్లలు చూస్తూ ఉంటారు. ఒకళ్ళు తడబడితే ఇంకొకళ్ళు నవ్వుతారు. ఇంత ఉంది నీ చేతిలో. దీన్ని వదిలేసి రెక్కల గురించి రాశావు.

ఇంకొకటి, మూడో పేజీలో కుర్రవాడు భుజం మీదుగా బెల్టు పెట్టుకున్నాడు. 1957లో అది మామూలు కార్లలో ఉండేది కాదు. ఫోర్డు కంపెనీ 1956 కార్లకు నడుం బెల్టును అదనపు సామానుగా అమ్మింది, కావలసినవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. భుజం, నడుం కలిపి పట్టే బెల్టు 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ తెచ్చింది. అమెరికాలో వాహన భద్రత చట్టం 1966లో గాని రాలేదు. దీన్ని నేను తప్పులెన్నడానికి చెప్పడం లేదు. బెల్టు లేకపోవడం నీ కథకు పెద్ద ఆధారం. లొంగని స్టీరింగ్ కాండం డ్రైవరు గుండెకు ఎదురుగా, ఇనుప డాష్‌బోర్డు ముఖానికి ఎదురుగా ఉన్న కార్లు అవి. ప్రమాదం జరిగితే నడిపినవాడిదే తప్పని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవారు. కారును మార్చండని అడిగే గొంతులు అప్పటికి బలహీనం. స్కూళ్ళకు పాఠం చెప్పే కార్లను అరువిచ్చింది కూడా చాలా చోట్ల స్థానిక కార్ల డీలర్లే. మాస్టారు అలాంటి కారులో కూర్చుని, పిల్లల నడవడిక ఒక్కటే వాళ్ళను కాపాడుతుందని నమ్మి నేర్పాడు. ఆ నమ్మకంలో ఎంత బరువుందో రాయి.

అన్నిటికంటే నన్ను కదిలించింది నాలుగో పేజీలో నువ్వు దాటేసిన మాట. "జంట నియంత్రణ గల వాహనం" అన్నావు. పరిపాలన భాష అది, పారేయ్. మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉందని చెప్పు. తరగతిలో 30 గంటలు, స్టీరింగ్ ముందు 6 గంటలు అని 1949లో వెస్ట్ వర్జీనియాలోని జాక్సన్స్ మిల్ సదస్సు సిఫార్సు చేసింది. ఒక్కో బిడ్డకు దొరికేది ఆ ఆరు గంటలే. ఆ ఆరు గంటలూ మాస్టారి పాదం ఆ రెండో బ్రేకు పైన గాలిలో ఉంటుంది. ముందుగా తొక్కితే పిల్ల నేర్చుకోదు, తన తరఫున ఆయన ఉన్నాడని నిశ్చింతగా ఉంటుంది. ఆలస్యంగా తొక్కితే అందరూ పోతారు. ఎప్పుడు తొక్కకుండా ఉండాలన్నదే ఆయన విద్య. నీ కథ అక్కడుంది తల్లీ. బంతి కోసం రోడ్డు మీదికి ఒక బిడ్డ పరుగెత్తుకొచ్చింది. మాస్టారి పాదం దిగడం మొదలైంది, అంతలో పక్కనున్న పిల్ల పాదం ముందే పడింది. ఆయన తన పాదాన్ని మళ్ళీ పైకి తీసుకున్నాడు. అది ఆ పిల్లకు తెలియదు కూడా. ఈ ఒక్క సన్నివేశం రాయగలిగితే ఎవరినీ చంపక్కర్లేదు.

"ఏమీ జరగని కథను ఎవరు వేస్తారు?" అని నీకు అనుమానం రావచ్చు. నాకు ఆ మాటతో పాత పరిచయం ఉంది. వయసులో ఉండగా సూర్యాపేట మీదుగా పోయే లారీల్లో రాత్రిళ్ళు తిరిగి, డ్రైవరు ఒక క్లీనరు కుర్రవాడికి లారీ నేర్పే కథ రాశాను. సీటు ఎత్తు చాలక గోనెసంచి మడిచి వేసుకోవడం, క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు వేయడం, ఎదురు లారీ దీపాల్లోకి చూడకుండా రోడ్డు అంచు చూడమని డ్రైవరు మెడ పట్టుకుని తిప్పడం అన్నీ పెట్టాను. ఒక పెద్ద వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపుతూ, లారీని వంతెన మీది నుంచి పడేస్తే వేసుకుంటానన్నాడు. కొసమెరుపు లేకపోతే కథే కాదనుకునే రోజులవి. మెరుపు కోసం ఎంతమంది కథానాయికలు కిరసనాయిలు పోసుకున్నారో, ఎంతమంది రైళ్ళ కింద పడ్డారో ఆ వారపత్రికల పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. నేను లారీని పడెయ్యలేదు. ఆ కథ చాలాకాలం పెట్టెలో ఉండి, చివరకు డబ్బివ్వలేని ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఒక లారీ ఆఫీసు గుమాస్తా పోస్టుకార్డు రాశాడు, డ్రైవర్లు చుట్టూ కూర్చుని తనతో పైకి చదివించుకున్నారట. గోనెసంచి దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారట. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ సంపాదకుడి మీద కోపమూ ఉంది. ఇప్పుడు కొసమెరుపు పోయి 'సందేశం' వచ్చింది. పోటీ ప్రకటనల్లో సందేశాత్మకంగా ఉండాలని రాసేవాళ్ళు కథలకు చేస్తున్న కీడు తక్కువదేమీ కాదు. నీ సమాధి సన్నివేశం ఆ ప్రకటన చదివాకే పుట్టిందని నా అనుమానం.

నీ కథకు ముగింపు కావాలంటే అది పెద్దాయన వృద్ధాప్యంలో ఉంది. 1970ల చివర జార్జియా రాష్ట్రంలోని డికాల్బ్ కౌంటీలో వేలమంది విద్యార్థులతో పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. బడిలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళకూ, నేర్చుకోనివాళ్ళకూ ప్రమాదాల్లో ఆశించినంత తేడా కనబడలేదు. బడి చదువు వల్ల పిల్లలు ఇంకా చిన్న వయసులోనే లైసెన్సు తీసుకుని రోడ్డెక్కుతున్నారని వాదించిన పరిశోధకులు కూడా ఉన్నారు. చాలా బడుల్లో ఆ పాఠానికి డబ్బు తగ్గింది. మీ పెద్దాయన అది చదివే ఉంటాడు. జీవితమంతా రెండో బ్రేకు మీద పాదం ఎత్తిపెట్టి కూర్చున్న మనిషికి, నువ్వు చేసినదానికి లెక్కల్లో పెద్దగా ఫలితం లేదని కాగితం వస్తే, ఆయన ఎలా తీసుకున్నాడు? వాదించాడా? ఆ తరువాత కూడా రోడ్డు మీద తను నేర్పిన పిల్లలు ఎదురైతే వాళ్ళ చేతులు స్టీరింగ్ మీద ఎక్కడున్నాయో చూశాడా? నాకు తెలియదు. నువ్వు ఆ గోడకు ఇవతలే ఉన్నావు కనుక తెలుసుకోగలవు.

మారుపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, ఇంగ్లీషు మాటలను ఎలా రాయాలి అని అడిగావు. ముందు ఈ కథ తేలనీ.

పోటీ గడువు ఎల్లుండేనని నాకు తెలుసు. ఈ పోటీ వదిలేయ్. ఐదో పేజీ నుంచి కొట్టేసి, పెద్దాయన దగ్గరికి నోటుబుక్కు తీసుకుని వెళ్ళు. ఆయనను కారులో నీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నువ్వు నడుపు. ఏమీ అడగకు, ఆయన కుడి పాదం చూడు. తిరిగి వచ్చాక ఆయన అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకో. కొత్త ప్రతి పంపేటప్పుడు ఆ నోటుబుక్కు పేజీలు కూడా జత చెయ్యి, మార్జిను ఎక్కువ వదులు.

ఆశీస్సులతో.