మునిగిన యుద్ధ విమానాలను వెదకాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి, 1942లో జపాన్ విమానాలు కాకినాడపై బాంబులు వేసిన సంగతి విన్నప్పటి నుంచి, సముద్రంలో మునిగిన యుద్ధ విమానాలను వెదికే పనే చేస్తానంటోంది. ముందు స్కూబా డైవింగ్ నేర్పించమంటోంది. ఇది బతుకుతెరువు అవుతుందా?

జవాబు: డైవింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. విమానాన్ని కనుగొనేది చాలావరకు ఓడలో తెర ముందు కూర్చున్న సర్వేయరు. డైవరు దిగేది ఆ తరువాత, అదీ లోతు తక్కువున్న చోట. అమెరికా విమానవాహక నౌక లెక్సింగ్టన్, దానితో మునిగిన విమానాలు 2018లో కోరల్ సముద్రంలో దాదాపు 3,000 మీటర్ల లోతున బయటపడ్డాయి. మన బంగాళాఖాతంలో 2016లో అదృశ్యమైన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 శకలాలను సుమారు 3,400 మీటర్ల అడుగున గుర్తించినట్లు 2024 జనవరిలో ప్రకటించారు. వాటిని ఫొటో తీసింది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) పంపిన, మనిషి లేని వాహనం. అది యుద్ధకాలపు విమానం కాకపోయినా వెదికే విద్య అదే.

ఈ పని కాగితాలతో మొదలవుతుంది. సైనిక నివేదికలు, బతికి బయటపడినవారి వాంగ్మూలాలు, వలలు తరచూ ఎక్కడ చిక్కుకుంటాయో చెప్పగల మత్స్యకారుల మాటలు కలిపి చూసి, గాలించవలసిన ప్రాంతాన్ని కుదిస్తారు. ఆపైన ఓడ వెనుక సైడ్‌స్కాన్ సోనార్‌ను (శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో సముద్రపు నేల బొమ్మను తెరపై చూపే పరికరం) లాగుతూ పొలం దున్నినట్లు వరుసలుగా తిరుగుతారు. నేల నుంచి పైకి లేచిన వస్తువు తెరపై మెరుస్తుంది, దాని వెనుక శబ్దం చేరని మేర నీడ పడుతుంది. ఆ నీడ పొడవు, సోనార్ ఎంత ఎత్తున, ఎంత దూరాన ఉన్నదీ తెలిస్తే వస్తువు ఎత్తు చెప్పవచ్చు. అది మీ అమ్మాయి పదో తరగతిలో చేసిన సరూప త్రిభుజాల లెక్కే. రెక్క నీడకూ రాతి నీడకూ తేడా పట్టడం మాత్రం అనుభవం మీద వస్తుంది. విమానం ఒళ్లంతా అల్యూమినియం కనుక ఇనుమును అయస్కాంత క్షేత్రంలోని మార్పుతో పసిగట్టే మాగ్నెటోమీటరుకు దొరికేది ముఖ్యంగా ఇంజనులోని ఉక్కే. గోదావరి ఒండ్రు దిగే మన తీరం వంటి చోట్ల వస్తువులు బురదలో కూరుకుపోతాయి కాబట్టి, నేల లోపలి పొరలను చూపే సబ్-బాటమ్ ప్రొఫైలర్ కూడా కావాలి.

ఇక జీతం సంగతి. విమానాలు వెదకడమే నెలజీతపు కొలువుగా దొరుకుతుందని నేను ఆశపెట్టలేను. అయితే ఇవే పరికరాలతో కేజీ బేసిన్‌లో గ్యాస్ పైపులైన్లకు, ఓడరేవుల్లో పూడికతీతకు సర్వేలు జరుగుతాయి. కడుపు నింపేది ఆ పని. అందుకని డిగ్రీలో భౌతికశాస్త్రం లేదా జియాలజీ తీసుకొని, పీజీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాసి జియోఫిజిక్స్ (భూభౌతికశాస్త్రం) పీజీలో చేరడం, లేదా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞానం వైపు వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఎన్ఐఓటీ, విశాఖలో ప్రాంతీయ కేంద్రమున్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) వంటి సంస్థల ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

విదేశాల్లో చదివే స్తోమత ఉంటే, తప్పిపోయిన అమెరికా సైనికుల కోసం వెదికే ప్రాజెక్ట్ రికవర్ బృందంలో పాలుపంచుకున్న, అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ, డెలావేర్ విశ్వవిద్యాలయం గురించి తెలుసుకోమనండి. ఆ బృందం పసిఫిక్‌లోని ట్రక్ దీవుల లగూన్‌లో (పగడపు దిబ్బ చుట్టిన సముద్రపు మడుగు) మూడు అమెరికా విమానాలను గుర్తించింది. ఇటువంటి శిథిలాల్లో మనుషుల అవశేషాలు ఉండవచ్చు. అమెరికా సైనిక శిథిలాలను అనుమతి లేకుండా కదిలించడాన్ని 2004 నాటి ఆ దేశ చట్టం నిషేధిస్తుంది. గుర్తుగా ముక్క తెచ్చుకుందామనే ఉత్సాహం ఈ రంగంలో పనికిరాదు.

మరొక్క మాట: సర్వే ఓడలో వారాల తరబడి ఉండవలసి వస్తుంది. వేసవిలో తెలిసినవారి బోటులో, లైఫ్ జాకెట్ వేయించి, ఒక పూట సముద్రంలోకి పంపి చూడండి. వాంతులు ఆగకపోతే డేటా విశ్లేషణ వైపు మళ్లవచ్చు, ఆ ఉద్యోగాలు ఒడ్డునే ఉంటాయి.